చేటలో మూడు మామిడికాయలు

మా పెదనాన్న శ్రీరంగానికి, ఆంధ్రా సరిహద్దు దాటగానే వచ్చే మా కుంట ఊరి బజారులో విత్తనాల కొట్టు ఉంది. బీర, సొర, కాకర, గుమ్మడి గింజలు, మోకులు, పారలు, గంపలు అమ్ముతాడు. ముప్పై అయిదేళ్లుగా అదే కొట్టు, అదే చెక్క స్టూలు. గింజలు అమ్మేసి ఊరుకునే మనిషి కాదు. కొనుక్కుపోయినవాళ్లు మళ్లీ సంతకు వస్తే ఆపి మరీ అడుగుతాడు: మొలిచిందా, పాదు ఎక్కిందా, పూత నిలిచిందా అని. అత్తారింటికి పంపిన ఆడపిల్లను గురించి కూడా ఇంత ఆరా తీయరు.

అలాంటి మనిషి చేతికి నాలుగేళ్ల కిందట ఫోన్ వచ్చింది. కిరండూల్ గనుల్లో పనిచేసే శేషగిరిరావు మామయ్య, అంటే మా పెద్దమ్మ వరలక్ష్మికి తమ్ముడు, కొత్తది కొనుక్కుని పాతది బావకు ఇచ్చాడు. అంతే, మా ఇంట్లో శాంతి పోయింది. తెల్లారితే చాలు, పాత మోపెడ్ వేసుకుని గూడేలన్నీ తిరగడం, ఎవరి దొడ్లో ఏ పువ్వు పూసిందో ఫోటో తీయడం. "మన తోటలు" అని ఒక గ్రూపు పెట్టాడు. అందులో భోపాలపట్నం చుట్టాలు, జగదల్పూర్ వ్యాపారులు, కొట్టుకు వచ్చే గూడెంవాళ్లు, మొత్తం తొంభై మంది. మా దగ్గర సిగ్నల్ వచ్చినప్పుడు వస్తుంది, పోయినప్పుడు పోతుంది. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే ఆంధ్రా వైపు టవరు అందుతుంది. రోజూ పొద్దున ఆరున్నరకు పెదనాన్న అక్కడ చెయ్యెత్తి నిలబడతాడు.

ఫాల్గుణం వచ్చిందంటే ఇక పట్టపగ్గాలుండవు. మోదుగపూలు, రాలిన బూరుగుపూలు, మునగపూత మీద తుమ్మెద, గుమ్మడి పాదు కింద పడుకున్న కుక్క. కింద రాసే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: "ఉన్నది ఉన్నట్టు." ఆయన గొప్ప అంతా ఆ మాటలోనే ఉంది. పువ్వును తుంచి పెట్టడు, ఆకును సర్దడు, ఎదురొచ్చిన కోడిని కూడా అదిలించడు. ఒకసారి శేషగిరిరావు మామయ్య గులాబీ మీద నీళ్లు చల్లి, మంచు బిందువులంటూ పెట్టాడు. వెంటనే పెదనాన్న అందరి ముందూ అడిగేశాడు: "పగలు పన్నెండింటికి మంచు ఎక్కడిదిరా శేషూ? నా ఫోటోల పెట్టుడు గిట్టుడు ఉండదు. ఉంటె ఉన్నట్టు, లేకపోతె లేనట్టు." పాపం మామయ్య వారం రోజులు గ్రూపులో నోరెత్తలేదు.

ఇంత నిజాయితీపరుడి ఫోటోల్లో సగానికి సగం ఆయన బొటనవేలే ఉంటుంది. తీయడం తెలుసు గానీ తుడవడం తెలియదు. ఫోన్ నిండిపోయి మొరాయిస్తుంది. నేను ఇక్కడి సర్కారు బడిలో టీచర్ని. వారమంతా హిందీలో పాఠాలు చెప్పి, ఆదివారం తెలుగులో విసుక్కుంటూ ఆయన ఫోన్ ముందేసుకుని కూర్చుంటాను. మసకబారినవి, వేళ్లున్నవి, నేలను తీసినవి అన్నీ ఏరి పారేస్తాను. ఆయన పక్కన కూర్చుని "అది ఉంచు సావిత్రీ, అది ఉంచు" అని బతిమాలుతూనే ఉంటాడు.

ఆ ఆదివారం మాత్రం ఫోన్ ముట్టుకోలేదు. కారణం ఉంది. పొద్దున పెరట్లో కోళ్లకు నూకలు వేస్తుంటే, జడ విరబోసుకుని, పాత నైటీలో ఉన్న నన్ను ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. తొంభై మంది చూశారు. జగదల్పూర్ నుంచి ఎవరో "కోళ్లు బాగున్నాయి" అని రాశారు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. "నీ ఫోటోలు నువ్వే తుడుచుకో, నేను చచ్చినా ముట్టను" అని తలుపు దభాలున వేసుకున్నాను. ఆ కోపంలో దాని వెనకే ఆయన పెట్టిన రెండో ఫోటో చూడనే లేదు. చూసి ఉంటే అప్పుడే ఆపేదాన్ని. ఈ కథలో నా తప్పు ఇంతే, కానీ ఇది కూడా తప్పే.

ఆ రెండో ఫోటో సోమ్లీ ఇంట్లో తీసినది. సోమ్లీవాళ్లు వాగవతలి గూడెంలోని దోర్ల తెగ రైతులు. ఆమె భర్త ఇర్మా ఆ ఊరి పూజారి. పెదనాన్నకూ ఆ ఇంటికీ ముప్పై ఏళ్ల స్నేహం. ఆమె ఈయన్ని అన్నా అంటుంది. మా పెద్దమ్మ జ్వరంతో మంచం పట్టిన ఏడాది, పదిహేను రోజులు వరసగా కూరాకు తెచ్చి, వండి, పెట్టి వెళ్లిన మనిషి.

ఫోటో నిజంగా బాగుంది. ఎర్రమట్టి అలికిన గోడ, దాని మీద సోమ్లీ వేలితో గీసిన తెల్లగీతలు. గోడ కింద ఒక చేట, అంచు తెగితే నీలం ప్లాస్టిక్ తీగతో కుట్టింది. చేట నిండా ఆరబోసిన ఇప్పపువ్వు. ఆ పసుపుపచ్చ పూల మీద మూడు పచ్చి మామిడికాయలు, తొడిమలతో సహా.

ఆ మూడు కాయలే కొంప ముంచాయి.

మా చుట్టుపక్కల గూడేల్లో మామిడి పండుం అని చేస్తారు. కొత్త కాయను భూదేవరకూ, పెద్దలకూ పెట్టి, ఆ తరవాతే ఊరు తినాలి. పండుం కానిదే ఎవరూ కాయ కోయరు, కొరకరు, గడప లోపలికి తేరు. తెస్తే గాలివాన వచ్చి ఊరి కాపంతా రాలుతుందని వాళ్ల నమ్మకం. ఆ రోజు దేవర ముందుకు వెళ్లే మొదటి కాయ ఇర్మా ఇంటి చెట్టుదే. వాళ్ల తాత నాటి నుంచీ అదే నడుస్తోంది. ఆ ఏడు ఇప్పపువ్వుకు చేసే పండుగ అయిపోయింది గానీ మామిడిది ఇంకా కాలేదు.

మరి మాకేమో ఉగాది ముందొస్తుంది. పచ్చడికి కాయ కావాలి. మా సంతలో పండుం ముందు ఒక్క కాయ కూడా కనపడదు కాబట్టి చింతూరు వెళ్లి తెచ్చుకుంటాం. తెచ్చేటప్పుడు సంచి మీద తువ్వాలు కప్పుతాం. దారిలో గూడెంవాళ్ల కంట పడితే వాళ్ల మనసు కష్టపడుతుందని. ఆ తువ్వాలు కప్పడం మా అందరికీ నేర్పింది ఎవరనుకున్నారు? పెదనాన్నే. కప్పకుండా తెచ్చిన వాళ్లను బజార్లో నిలబెట్టి చీవాట్లు పెట్టేవాడు.

ఆ శనివారం ఆయన చింతూరు నుంచి బస్సు దిగి, కాయల సంచి మోపెడ్‌కు తగిలించుకుని, సోమ్లీ ఇంట్లో కాకర పూసిందని విని అటు వెళ్లాడు. సోమ్లీ ఇర్మాలు పొలంలో ఉన్నారు. కాకరపూత ఆయన కంటికి ఆనలేదు. గోడ కింద చేట కనిపించింది. ఎండ ఏటవాలుగా పడుతోంది. అంతా పసుపూ ఎరుపే, కాస్త పచ్చదనం తగిలితే ఎంత బాగుంటుంది అనిపించింది. ముప్పై అయిదేళ్లుగా తెలిసిన సంగతి ఆ అయిదు నిమిషాలు ఆయన బుర్రలో లేదు. తువ్వాలు తీశాడు, మూడు కాయలు పెట్టాడు, ఫోటో తీశాడు, కాయలు మళ్లీ సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు. జన్మలో మొదటిసారి ఫోటో సర్దాడు. కింద మాత్రం అలవాటు ప్రకారం "ఉన్నది ఉన్నట్టు" అని రాశాడు.

గూడెంలో ఆటో నడిపే మంగు మా గ్రూపులో ఉన్నాడు. తమ ఊరి గోడ చూసుకుని మురిసిపోయి, ఆ ఫోటోను తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు. సోమవారం సాయంత్రానికి గూడెమంతా చూసింది. ఆ గోడ ఎవరిదో, ఆ నీలం తీగ ఎవరిదో చెప్పాల్సిన పని లేదు.

మంగళవారం పొద్దున సోమ్లీ కొట్టుకొచ్చింది. ఎప్పుడూ నేరుగా మెట్లెక్కి, కుండలో నీళ్లు తాగి, ఆ తరవాత మాట్లాడే మనిషి. ఆ రోజు రోడ్డు మీదే నిలబడింది.

"పైకి రా సోమ్లీ, ఎండల ఎందుకు నిలబడ్డవ్?" అన్నాడు పెదనాన్న.

"రానన్నా. చెప్పి పోదామని వచ్చిన. ఈ యేడు మా ఇంటి కాయ దేవర ముందుకు పోదంట. రేపు పెద్దలు బైఠక్ పెట్టిన్రు. పూజారి ఇంట్లనే ముందుగాల కాయ దెంపిన్రు, గా ఇంట్ల పండుం ఎట్ల జేస్తమంటున్నరు."

పెదనాన్న చేతిలోని గింజల పొట్లం కింద పడింది. ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

"నా కాయలు గదా అవి! చింతూరు కాయలు! నువ్వు చెప్పలేదా?"

"మేం ఇంట్ల లేకుంటిమి, ఏం చెప్పాలె? మా చెట్టువి కావని చెప్పిన. ఎవరూ వినలే. శ్రీరంగమన్న ఫోటువల అబద్ధం ఉండదన్నరు. ఆయన ఏం పెట్టడు, ఉన్నదే తీస్తడన్నరు. నువ్వే చెప్తవు గదన్నా అట్ల."

ఆమె గొంతు పెంచలేదు. "మా ఆయన రాత్రి నుంచి బువ్వ తింటలేడు" అని మాత్రం అని, కొంగు తల మీదికి లాక్కుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని పెదనాన్న తరవాత చాలాసార్లు అన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి కొట్టు సగం తలుపులు వేసి ఉంది. పెదనాన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పెద్దమ్మ సంగతంతా చెప్పింది. నాకు కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి, కోపమే ముందు బయటపడింది.

"ఇంకేం చూస్తున్నవ్ పెదనాన్నా? నేనే పెట్టిన అని గ్రూపుల చెప్పు. రేపు పోయి బైఠక్‌ల చెప్పు."

"చెప్తె ఏమైతదో తెలుసా నీకు? నాలుగేండ్ల ఫోటోలు. ఇగ ఏ ఫోటో చూసినా, ఇది గూడ పెట్టిందేనేమో అంటరు. ఆ శేషుగాడు నవ్వుతడు."

"నవ్వనియ్యి. ఆడ ఒక మనిషి బువ్వ మానేసిండు."

నిజం చెప్పాలంటే ఆయన భయం నాకు అర్థమైంది. ఆయన చదివింది అయిదో తరగతి. ఊళ్లో ఆయన మాటకు పెద్ద విలువేమీ లేదు, కొట్టు కూడా చిన్నది. ఆ ఫోటోలు వచ్చాకే జగదల్పూర్ వ్యాపారులు సైతం పేరు పెట్టి పలకరించడం మొదలుపెట్టారు. ఆ కాస్త గౌరవాన్నీ తన చేత్తో తనే తీసేసుకోవాలి. అయినా నేను తగ్గలేదు. పెద్దమ్మ మాత్రం అరవలేదు, పోట్లాడలేదు. ఆయన ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టి, "నాకు జ్వరమొచ్చినప్పుడు కూరాకు తెచ్చిన చెయ్యి అది" అంది.

ఆయన నీళ్లు తాగాడు. లేచి మేడ ఎక్కి, ట్యాంకు పక్కన నిలబడి గ్రూపులో మాట్లాడి పెట్టాడు. కింది నుంచి నాకూ వినపడింది. "అందరికీ నమస్కారం. ఆ చేటల కాయలు సోమ్లీవాళ్లయి కావు. నావి. చింతూరుల కొన్నయి. ఫోటో అందంగ ఉంటదని నేనే పెట్టిన. ఉన్నది ఉన్నట్టు అని అబద్ధం రాసిన. తప్పయింది." చాలాసేపటికి శేషగిరిరావు మామయ్య జవాబు వచ్చింది: "నా గులాబీకి ఒక తోడు దొరికింది బావా. రేపు నేను గూడ రావాల్నా?" అందులో వెక్కిరింత కన్నా ప్రేమే ఎక్కువుంది. పెదనాన్న కళ్లు తుడుచుకోవడం నేను మెట్ల మీంచి చూశాను, చూడనట్టు వచ్చేశాను.

మర్నాడు బడికి సెలవు పెట్టి నేనూ వెళ్లాను. గూడెంలో ఆకుల పందిరి కింద పెద్దలు కూర్చున్నారు. ఒక పక్కన ఇర్మా తల వంచుకుని ఉన్నాడు, ఆయన వెనక సోమ్లీ. అందరికన్నా పెద్ద బుధ్రి. ఆమెకు ఎనభై దాటి ఉంటాయి, చూపు మందగించింది గానీ మాట మందగించలేదు. పెదనాన్న నిలబడి జరిగినదంతా చెప్పాడు. అంతా విని బుధ్రి అంది:

"నువ్వు మంచోడివి శ్రీరంగం. ఇర్మా నీ దోస్తు. దోస్తును కాపాడెతందుకు మీద ఏసుకుంటున్నవేమో. మాకెట్ల తెలుస్తది?"

అది ఎవరూ అనుకోని మాట. తను అబద్ధం ఆడానని నమ్మించడమే కష్టమైపోయింది పెదనాన్నకు! అప్పుడు నాకు తట్టింది. ఆదివారం నేను ఫోన్ ముట్టుకోలేదు. "పెదనాన్నా, తుడవని ఫోటోలు ఉంటయి గదా!" అన్నాను.

ఎండకు ఫోన్ అద్దంలో ఏమీ కనపడలేదు. పెదనాన్న భుజం మీది తువ్వాలు తీసి బుధ్రి తల మీదా ఫోన్ మీదా కలిపి కప్పాడు. నేను ఆ చీకట్లో తల దూర్చి ఒక్కొక్కటే జరిపాను. మొదట మామూలుగా ఆయన బొటనవేలు. తరవాత ఉత్త ఇప్పపువ్వు చేట, కాయల్లేవు. ఆ తరవాత మోపెడ్ చక్రం. ఆ తరవాతది పొరపాటున నొక్కుకుపోయిన ఫోటో, వంకరగా, మసగ్గా: సంచి నోరు, పక్కకు జారిన తువ్వాలు, చేట మీద మామిడికాయ పెడుతున్న ఒక చెయ్యి. ఆ చేతి చూపుడువేలికి అడ్డంగా తెల్లని మచ్చ. మోకులు కోసే కత్తితో తెగిన మచ్చ అది. ఆ చేతి నుంచి ముప్పై అయిదేళ్లుగా గింజలు తీసుకున్న ఊరు అది.

బుధ్రి తువ్వాలు తీసేసి, పెదనాన్న చెయ్యి పట్టుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. వేలు తడిమింది. మళ్లీ ఫోన్ చూసింది.

"ఈ చెయ్యే" అంది.

పందిరి కింద అందరూ ఒక్కసారి మాట్లాడారు. ఇర్మా తల ఎత్తలేదు గానీ, సోమ్లీ వెనక నుంచి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. బుధ్రి అందర్నీ ఆపింది.

"కాయ ఇర్మా చెట్టుది కాదు. దేవర కాయ ఆ ఇంటి నుంచే పోతది. గని పండుం గాకముందు కాయ ఊరి గడపకు వచ్చింది. తెచ్చినోడే దాన్ని మొయ్యాలె. ఇగ శ్రీరంగం మా లెక్కనే ఉండాలె. పండుం దాక కొత్త కాయ నోట్ల పెట్టొద్దు. పండుం నాడు ఈడికొచ్చి మాతోని తినాలె."

"ఎల్లుండి మాకు ఉగాది అవ్వా" అన్నాను నేను, ఆగలేక.

"ఉంటదేమో బిడ్డా" అంది బుధ్రి.

పెదనాన్న చేతులు జోడించి సరేనన్నాడు. ఆ ఏడు మా ఇంట్లో ఉగాది పచ్చడిలో వేపపువ్వు, చింతపండు, బెల్లం, కారం, ఉప్పు ఉన్నాయి, మామిడికాయ లేదు. ఆయన ఒక్కడికే కదా శిక్ష అని నేను గొణిగితే, పెద్దమ్మ చింతూరు కాయలన్నీ పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టేసింది. "ఇంటికి ఒకటే నోరు" అంది. బజార్లో జనం అడిగి అడిగి మరీ నవ్వారు. పెదనాన్న కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు గానీ, అన్ని రోజులూ ఒక్క ఫోటో తీయలేదు. ఆరున్నరకు మేడ ఎక్కడం మానేశాడు. అలా ఊరికే కూర్చున్న మనిషిని చూడలేక, కోళ్లతో నా ఫోటో మళ్లీ తీసినా ఏమీ అననని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

బైఠక్ అయిన పదహారో రోజున పండుం. ముగ్గురం వెళ్లాం. పెదనాన్న ఫోన్ కొట్టు సొరుగులో పెట్టి తాళం వేసి వచ్చాడు. ఎర్రగోడ ముందు ముగ్గు, డోలు చప్పుడు, ఇర్మా మెడలో పూల దండ. తన చెట్టు నుంచి మొదటి కాయ కోసి, భూదేవరకు పెట్టి, తాతల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ ముక్కలు కోశాడు. ముందు బుధ్రికి ఇచ్చారు. రెండో ముక్క మోదుగాకులో పెట్టుకుని సోమ్లీ నేరుగా పెదనాన్న దగ్గరికొచ్చింది.

"తిను అన్నా."

ఆయన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఆ పులుపుకు ఒక కన్ను మూసుకుపోయింది, గడ్డం వణికింది, రెండో కంట్లోంచి నీళ్లు కారాయి. పులుపుకేనని ఆయన అన్నాడు. సరిగ్గా అప్పుడే సోమ్లీ పక్కనున్న మంగు చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఆమె అంతకుముందు ఎన్నడూ ఫోటో తీయలేదు. రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి నొక్కింది.

ఇంటికొచ్చేసరికి ఆ ఫోటో గ్రూపులో ఉంది. సగం సోమ్లీ బొటనవేలు. మిగిలిన సగంలో పెదనాన్న ఒక చెవి, మూసుకున్న ఒక కన్ను, నోట్లోంచి బయటకున్న మామిడిముక్క. కింద మంగు ఫోన్లోంచే సోమ్లీ మాట్లాడి పెట్టింది: "అన్నా, నేను ఏం పెట్టలే, ఏం సర్దలే. ఉన్నది ఉన్నట్టే తీసిన."

ఆదివారం నేను ఎప్పటిలాగే ఫోన్ ముందేసుకుని కూర్చున్నాను. పెదనాన్న పక్కన కూర్చున్నాడు. వేలున్న పాత ఫోటోలు ఒక్కొక్కటే తీసేస్తూ సోమ్లీ తీసినదాని దగ్గరికి వచ్చి ఆగాను. ఆయన బతిమాలలేదు. నా చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకుని జేబులో వేసుకున్నాడు.